టైముకే వచ్చిందట!

బాగ్‌బేరాలో రైళ్ల ఊసెత్తని ఇల్లు అరుదు. టాటానగర్ స్టేషన్ను ఒక పక్కా, ఖర్కాయి నదిని ఇంకో పక్కా పెట్టుకుని పెరిగిన ఊరిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన తెలుగువాళ్లు ఖరగ్‌పూర్లో కొందరు, చక్రధర్‌పూర్లో కొందరు, ఇక్కడ కొందరు కుదురుకున్నారు. వాళ్ల మనవలకు ఇప్పుడు హిందీ ముందు, తెలుగు తర్వాత. అయినా బండి లేటైతే తిట్టేది మాత్రం తెలుగులోనే.

ఈ ఆలస్యాల మీద వాదన పెట్టుకున్న ఇద్దరిలో ఒకాయన రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. రెండో మనిషి ఆయన చెల్లెలి కూతురు. ఘాట్‌శిలాలో ఉద్యోగం, రోజూ బండిలో వెళ్లి వస్తుంది. ఆయన గూడ్సుల పక్షం, ఆవిడ ప్యాసింజర్ల పక్షం. నేను టీ పక్షం. అయినా వింటూ వింటూ ఒక వైపు మొగ్గాను, అది దాచను.

మేనకోడలు: మావయ్యా, నిన్న సాయంత్రం లోకల్ ఘాట్‌శిలాకే నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. టాటాలో దిగి ఫోన్లో చూస్తే ‘రైట్ టైమ్’ అని ఉంది. మధ్యలో రెక్కలేమైనా మొలిచాయా దానికి?

మావయ్య: రెక్కలేటి, టైంటేబుల్లోనే ఆ వెసులుబాటు ఉంటుంది. ఇంజనీరింగ్ అలవెన్సని కొంత, ట్రాఫిక్ అలవెన్సని కొంత, ప్రతి బండికీ కలిపి రాస్తారు. పట్టాల పని జరిగే చోట కాషన్ ఆర్డరు ఇస్తే ఇరవై, ముప్పై స్పీడులో పాకాలి. ఆ పోయిన టైము ఎక్కడో అక్కడ రాబట్టుకోవాలి కదా.

మేనకోడలు: కలపొద్దని నేనన్నానా? దారి పొడుగునా కాస్త కాస్త కలపండి. అంతా తెచ్చి చివరి ముక్కలో కుమ్మరిస్తారేం? సల్గాఝరి నుంచి టాటా కూతవేటు దూరం. బయల్దేరేటప్పుడు ఆ ముక్కకి ఎన్ని నిమిషాలు రాశారో చూడు, తిరిగొచ్చేటప్పుడు ఎన్ని రాశారో చూడు. దిక్కు మారితే దూరం పెరుగుతుందా?

మావయ్య: బండి పరువు తేలేది ఆఖరి స్టేషన్లోనే అమ్మలూ. పంక్చువాలిటీ అంకె అక్కడ పడుతుంది. ఆఫీసర్లు పొద్దున్నే చూసే అంకె అదే.

మేనకోడలు: అదీ సంగతి. ఘాట్‌శిలా ప్లాట్‌ఫారం మీద నేను నిలబడ్డ నలభై నిమిషాలు ఏ కాగితంలోనూ లేవన్నమాట. రాఖామైన్స్‌లో, ఆసన్‌బనీలో దిగేవాళ్లవీ లేవు. బండి టైముకే వచ్చిందట! మేమే ఆలస్యంగా వచ్చామేమో.

మావయ్య: ఎగతాళి తర్వాత. నీకు కంట్రోల్ చార్టు ఎప్పుడూ చూపించలేదు కదూ? ఇప్పుడంతా కంప్యూటర్ మీదే, మా రోజుల్లో గళ్ల కాగితం మీద పెన్సిలు, స్కేలు. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. స్పీడు బండి గీత నిటారుగా నిలబడుతుంది, గూడ్సు గీత వాలిపోయి పడుకుంటుంది. నిటారు గీత వెనక నుంచి వచ్చి పడుకున్న గీతను దాటాలంటే ఏదో ఒక స్టేషను దగ్గరే దాటాలి, అదీ అక్కడ పక్క పట్టా, అదే లూప్ లైను, ఖాళీగా ఉంటేనే. అలా ఒక్క స్టీల్ ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలంటే రెండు మూడు గూడ్సుల్ని పక్కకి నెట్టాలి. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది వ్యాగన్ల ఇనుప రాయి రేకు (గూడ్సు బండి) ఒకసారి ఆగిందంటే మళ్లీ కదిలి ఊపందుకోడానికి ఎంత సేపో నీకేం తెలుసు? అలాంటివి పది ఆగితే రాత్రికి డంగోఆపోసి వైపు నుంచి వచ్చేవాటికి దారి ఉండదు. ఆరు గంటల డ్యూటీలో ఫోను చెవిలోంచి తీసే వీలుండేది కాదు నాకు.

(ఆ గీతల సంగతి చెప్తూ ఆయన చేత్తో గాల్లోనే చార్టు గీసేశారు. రిటైరైనా వేళ్లకు ఆ ఏటవాలు పోలేదు.)

మేనకోడలు: సరే, మరి రెండు రేకుల్ని ఒకటిగా కట్టి పంపుతున్నారే, ఆ పొడుగు బళ్లు? అవి లూపులో పడతాయా?

మావయ్య: పడవు. లూపులు ఒక రేకుకి సరిపడా కట్టినవి. అందుకని...

మేనకోడలు: అందుకని మమ్మల్ని లూపులో పెడతారు. నువ్వు చెప్పకపోయినా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. మేం లూపులో నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టుకుంటాం.

మావయ్య: ఈ లైను ఎందుకు పుట్టిందో గుర్తుపెట్టుకో. 1891లో నాగ్‌పూర్ నుంచి ఆసన్సోల్ దాకా బీఎన్నార్ పట్టాలేస్తే, బొగ్గు కోసం, సరుకుల కోసం వేశారు. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా కలకత్తాకు కలిపారు. 1907లో టాటావాళ్లు కాళీమాటీ స్టేషను దగ్గర చోటు చూసుకున్నారంటే అక్కడ రైలుంది గనక. గురుమహిసాని నుంచి రాయి తేవడానికి మళ్లీ ఇంకో లైను. 1919లో ఆ కాళీమాటీయే టాటానగర్ అయింది. రాయి లేకపోతే ఫ్యాక్టరీ లేదు, ఫ్యాక్టరీ లేకపోతే మీ తాత చీపురుపల్లిలో గేదెలు కాసుకునేవాడు.

మేనకోడలు: తాత వచ్చింది రాయి మోసే బండిలో కాదుగా మావయ్యా, మనుషులెక్కే బండిలోనే వచ్చాడు. 1902లో తూర్పుతీర రైల్వే ఉత్తర భాగాన్ని బీఎన్నార్ తీసుకోబట్టే మనవాళ్లు ఇక్కడిదాకా రాగలిగారని నువ్వే చెప్పావు. రాయి ఒక్కటే కొలిమిలోకి నడుచుకుంటూ పోదు. చాకులియా, ధాల్‌భూమ్‌గఢ్ నుంచి పొద్దున్నే లోకల్లో వేలాడుతూ వచ్చేవాళ్లెవరు? కాంట్రాక్టు పనివాళ్లు. బండి గంట లేటైతే గేటు దగ్గర పంచింగు మిషను ‘రైట్ టైమ్’ అని చూసి వదిలేస్తుందా? సగం రోజు కూలి పోతుంది. అది ఎవరి ఖాతాలో రాస్తారు?

మావయ్య: రైల్వే ఖాతా చెప్తాను విను. 2023-24లో సరుకుల మీద వచ్చింది ఒక లక్షా 68 వేల కోట్లు. ప్రయాణికుల మీద వచ్చింది 70 వేల కోట్ల పైచిలుకు. నీ టిక్కెట్టు నీ ఖర్చులో సగానికి కాస్త ఎక్కువ కడుతుంది, మిగతాది ఆ రాయి కడుతోంది. పెట్టేవాడికి ముందు వడ్డించకపోతే ఎలా?

మేనకోడలు: పెట్టేవాడికైనా సరిగ్గా వడ్డించారా? 2016-17లో మిషన్ రఫ్తార్ అన్నారు. అయిదేళ్లలో గూడ్సు సగటు వేగం 50కి, మెయిలు, ఎక్స్‌ప్రెస్ బళ్లది 75కి పెంచుతామన్నారు. 2019-20కి ఎంతకొచ్చిందో కాగ్ లెక్క తీసింది. ఎక్స్‌ప్రెస్‌లు గంటకు 50.6, గూడ్సులు 23.6. గూడ్సు కోసం నన్ను ఆపారంటే సరే అనుకుందును. నన్ను ఆపి దాన్ని సైకిలు స్పీడులో నడిపితే, మావయ్యా, నా త్యాగం ఎవరికి అక్కరకొచ్చింది?

మావయ్య: నాకు తెలిసినంతలో నువ్వన్న వాటిలో ఇదొక్కటే కంట్రోలరు ఒప్పుకునే మాట. మేమూ ఆ 23తోనే చచ్చాం. ఇద్దర్నీ ఒకే లైను మీద తోలితే ఇద్దరూ ఆగుతారు. అందుకే మూడో లైను. ఖరగ్‌పూర్ పక్క నీంపురా నుంచి ఆదిత్యపూర్ దాకా 132 కిలోమీటర్లు. లూధియానా నుంచి సోన్‌నగర్ దాకా గూడ్సులకు వేరే కారిడారు వేసేశారు, అక్కడ ప్యాసింజరు ఊపిరి పీల్చుకుంది. మన దారికి అలాంటిది లేదు. ఈ మూడో లైనే దిక్కు.

మేనకోడలు: ఆ లైను పని కోసం బళ్లు ఆపి బ్లాకు తీసుకున్న రోజు ఏ బండి ముందు రద్దవుతుంది?

మావయ్య: మెములూ, లోకళ్లూ.

మేనకోడలు: చూశావా.

మావయ్య: దూరం పోయే బండిని దారి మధ్యలో ఆపలేం కదా. నీకు బస్సుంది.

మేనకోడలు: బాగ్‌బేరాలో కూర్చుని బస్సుందంటావా! స్టేషను నాకు నడిచి వెళ్లే దూరం. బస్సెక్కాలంటే జుగ్‌సలాయి, బిష్టుపూర్, సాక్చీ దాటి, వంతెన మీద ఇరుక్కుని, మానగో చేరాలి. ఊరు దాటేసరికే నా బండి ఘాట్‌శిలాలో ఉండాల్సిన టైమవుతుంది. ఇక డబ్బు సంగతి ఎత్తను, నెల పాసు పక్కన పెడితే నవ్వొస్తుంది.

(ఇద్దరూ కాసేపు ఆటోల మీద పడ్డారు. అది వదిలేస్తున్నాను. బాగ్‌బేరా, పర్సూడీ ఆటోల కథకు వేరే సంచిక కావాలి.)

మేనకోడలు: అసలు మా లోకల్ సంగతి కాదు, ఎక్స్‌ప్రెస్ అన్న మాటే చూడు. 2020 మార్చిలో అన్ని బళ్లూ ఆపారు. మళ్లీ వదిలేటప్పుడు ప్యాసింజరు నంబరుకు ముందు సున్నా పెట్టి ‘స్పెషల్’ అన్నారు, ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వేశారు. పది రూపాయల టిక్కెట్టు ముప్పై అయింది. ఆగేది ప్యాసింజరులా, అడిగేది ఎక్స్‌ప్రెస్‌లా. కొన్ని నిజం ఎక్స్‌ప్రెస్‌లకేమో చిన్న స్టేషన్ల హాల్టులు కోసేశారు. అంటే ఉన్న వేగం మాకు అందకుండా పోయింది, లేని వేగానికి డబ్బు కట్టించుకున్నారు.

మావయ్య: 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి తెచ్చారుగా.

మేనకోడలు: నాలుగేళ్లకి! పెద్దవాళ్ల రాయితీ ఇప్పటికీ తేలేదు. అరవై దాటిన మగవాళ్లకి నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి యాభై శాతం ఉండేది. నీకు పాసుంది గనక నీకు తెలీదు. పక్కింటి మామ్మగారిని అడుగు, విజయనగరం ఎన్నేళ్లకోసారి వెళ్తోందో.

మావయ్య: (కాస్త ఆగి) అది నేనూ సమర్థించను. కానీ విజయనగరం మాటెత్తావు కాబట్టి చెప్తున్నాను, పోయినవే లెక్కపెడితే ఎలా? ఒకప్పుడు అలెప్పీ వెళ్లాలంటే టాటా నుంచి కొన్ని పెట్టెలు రౌర్కెలా దాకా లాక్కుపోయి, ధన్‌బాద్ నుంచి వచ్చే బండికి తగిలించేవాళ్లం. షంటింగు అయ్యేదాకా జనం రౌర్కెలాలో టీలు తాగుతూ కూర్చునేవారు. ఆ లింకు పెట్టెలు తీసేస్తే తెలుగువాళ్లూ మలయాళీలూ గగ్గోలు పెట్టారు. ఇప్పుడు టాటా నుంచి ఎర్నాకుళానికి సొంత బండే ఉంది. 2023 నవంబరులో రాష్ట్రపతి ముర్ము బాదంపహాడ్ నుంచి మూడు బళ్లకు జెండా ఊపారు. 2024 సెప్టెంబరు 15న ఒక్క రోజే పట్నాకూ, బరంపురానికీ టాటా నుంచి వందేభారత్‌లు మొదలయ్యాయి. బరంపురంలో దిగితే ఇచ్ఛాపురం ఎంత దూరం? పొద్దున్నే ఇక్కడ టిఫిను తిని, సాయంత్రానికి మన వైపు టీ తాగొచ్చు. మీ తాత వింటే నమ్మేవాడా?

మేనకోడలు: బండి బాగుంది, నేనూ ఎక్కాను. అయితే అది ఏడాదికోసారి ఎక్కే బండి. రోజూ ఎక్కే దానికీ ఏడాదికోసారి ఎక్కే దానికీ పోటీ పెట్టకు. హౌరాకి, రౌర్కెలాకి వెళ్లే వందేభారత్ ఘాట్‌శిలా మీదుగా దూసుకుపోతుంది, నా నెల పాసు దాంట్లో చెల్లదు. పైగా ఆ నిటారు గీతకి దారివ్వాలంటే ఎవరిని లూపులో పెడతావు? గూడ్సునా, నన్నా?

మావయ్య: ... ముందు నిన్నే.

మేనకోడలు: నిజం చెప్పినందుకు ఇంకో టీ పోస్తాను.

మావయ్య: పొయ్యి. పోసి ఇది కూడా విను. నువ్వు వేగం వేగం అంటున్నావు. 2010 మే 28 అర్ధరాత్రి దాటాక ఖేమాసులి, సర్డిహా మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఎదురుగా వచ్చిన గూడ్సు ఆ పెట్టెల్ని గుద్దింది. దాదాపు 150 మంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం ఈ దారిలో రాత్రిపూట ప్రయాణికుల బళ్లు నడపలేదు. ముంబయి నుంచి వచ్చే మెయిళ్లు తెల్లారేదాకా స్టేషన్లలో కూర్చునేవి. నేనే ఆపించాను వాటిని. పిల్లలకు పాలు లేవని ప్లాట్‌ఫారం మీద తల్లులు స్టేషను మాస్టరుతో గొడవపడటం ఫోన్లో వినిపించేది. అయినా ఆపాను. 2023 జూన్ 2న బాహానగాలో కోరమండల్‌ని లూపులోకి పంపేసింది ఒక తప్పు సిగ్నలు. 2024 జూలై 30న మన బడాబంబో దగ్గర పట్టాలు తప్పి పడున్న గూడ్సు వ్యాగన్లకి హౌరా-ముంబయి మెయిలు తగిలింది, ఇద్దరు పోయారు. ఇవన్నీ ఒకే జోన్‌లో. నా దృష్టిలో నువ్వు నలభై నిమిషాలు ఆలస్యంగా ఇంటికొస్తే, ఇంటికొచ్చినట్టు.

మేనకోడలు: 2010లో రాత్రి బళ్లు ఆపినప్పుడు ఇక్కడ ఎవరూ నోరెత్తలేదని అమ్మ చెప్తుంది. ఎందుకంటే కారణం అందరికీ తెలుసు. ఖేమాసులిలోనే 2022లో, మళ్లీ 2023 ఏప్రిల్లో కుడ్మీ కులస్థులు ఆందోళనకు దిగి పట్టాల మీద కూర్చుంటే రోజుల తరబడి బళ్లు లేవు, అదీ భరించాం. కానీ రోజూ సల్గాఝరిలో ఆపడానికీ భద్రతకీ సంబంధం ఏమిటి? కాషన్ ఆర్డరుంటే చెప్పండి. సిగ్నలు పాడైతే చెప్పండి. ప్లాట్‌ఫారం ఖాళీ లేదంటే అదే చెప్పండి. ఏదీ చెప్పకుండా పట్టికలోనే అరగంట పెంచేసి, ఆ అరగంట వాడుకుని, ‘రైట్ టైమ్’ అంటే అది భద్రత కాదు మావయ్యా, దొంగలెక్క.

(నేను మొగ్గింది ఇక్కడే. ఆలస్యం అని పేరున్నంత కాలం దానికి జవాబు అడగొచ్చు. పట్టికలో చేరిపోయాక అది ఆలస్యం కాదు, ప్రయాణ సమయం. అడగడానికి ఏమీ మిగలదు.)

మావయ్య: దొంగలెక్క అనకు, అక్కడ కూర్చున్నవాళ్లు దొంగలు కాదు.

మేనకోడలు: వాళ్లననలేదు. సూపర్‌ఫాస్ట్ అనిపించుకోవాలంటే సగటున 55 నడవాలి, అంతేనా? సెకండ్ క్లాసులో దానికి పదిహేను రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. మన తెలుగువాళ్ల దక్షిణ మధ్య రైల్వేలో, అలహాబాద్ వైపు ఉత్తర మధ్య రైల్వేలో కలిపి మూడేళ్లలో 11 కోట్ల 17 లక్షలు ఆ పేరుతో వసూలు చేశారనీ, ఆ 21 బళ్లు చాలా రోజులు 55 అందుకోనే లేదనీ కాగ్ 2017లో రాసింది. అక్కడ కూర్చున్నవాళ్లూ దొంగలు కాదు. ఎవరూ దొంగ కాకుండానే డబ్బు పోయింది. అలాగే మా టైము కూడా.

మావయ్య: అయితే ఏం చెయ్యాలంటావు? టాటాలో ప్లాట్‌ఫారాలు పెరగాలి, యార్డు మారాలి, మూడో లైను పూర్తిగా పడాలి. రేపటికి అయ్యే పనులు కావు.

మేనకోడలు: రేపటికి అయ్యేది ఒకటుంది. స్టీల్ ఎక్స్‌ప్రెస్ హౌరాకి 250 కిలోమీటర్లు నాలుగు గంటల చిల్లరలో పోయేలా పట్టిక రాసుకున్న దారి ఇది, నడవలేని దారి కాదు. వేగం తర్వాత. ముందు లెక్క మార్చండి. ఇంగ్లండులో కూడా పూర్వం చివరి స్టేషన్లోనే చూసేవాళ్లు, అయిదు నిమిషాలో పది నిమిషాలో లేటైనా టైముకొచ్చినట్టే రాసుకునేవాళ్లు. 2019 నుంచి దారిలో ఆగే ప్రతి స్టేషన్లోనూ నిమిషం తేడాతో చూస్తున్నారు. మీ కంప్యూటర్లో ప్రతి స్టేషన్ టైమూ ఎలాగూ పడుతోంది కదా?

మావయ్య: పడుతుంది. దాటిపోయే స్టేషన్లవి కూడా పడతాయి.

మేనకోడలు: అంటే కొత్తగా పైసా ఖర్చు లేదు. ఘాట్‌శిలాలో బండి ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వచ్చింది, ఆ అంకె కూడా ఆఫీసర్ల ముందు పెట్టండి. అంతే అడుగుతున్నాను.

మావయ్య: పెడితే ఏమవుతుందో నేను చెప్పనా? నెల తిరిగేసరికి పంక్చువాలిటీ అంకె ఢామ్మని పడుతుంది. జోనల్ ఆఫీసు నుంచి ఫోన్లొస్తాయి. మీటింగు పెడతారు. లైను వెయ్యరు, ప్లాట్‌ఫారం కట్టరు. తర్వాతి టైంటేబుల్లో ఘాట్‌శిలాకి ముందు ఇంకో పావుగంట కలుపుతారు. ఆ ఆలోచన ముందు నాకే వచ్చేది, కుర్చీలో ఉంటే.

మేనకోడలు: అప్పుడు ధాల్‌భూమ్‌గఢ్‌లో లెక్కపెట్టమంటాం. ఆ తర్వాత చాకులియాలో. స్టేషన్లు మీరు కట్టినవే కదా, ఎన్నున్నాయో మీకే తెలుసు.